ఒక్క మ్యాచ్ పట్టుకుంటే చాలు

ఒరేయ్ శీనూ,

బేస్‌బాల్ చరిత్ర చదవాలనుంది, ఎక్కణ్ణుంచి మొదలెట్టను అని అడిగావు. పెద్ద జాబితా రాసి పంపితే నువ్వు రెండు పుస్తకాలు కొని అటకెక్కిస్తావు, అది నాకూ తెలుసు నీకూ తెలుసు. అందుకే జాబితా బదులు ఒక్క మ్యాచ్ ఇస్తున్నాను. 1912 అక్టోబర్ 16, బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్, ఆ ఏటి ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ ఆఖరాట. బోస్టన్ రెడ్ సాక్స్ మీద న్యూయార్క్ జెయింట్స్. దాని చుట్టూ చదువు.

పుస్తకం లారెన్స్ రిట్టర్‌ది, ‘ది గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్’, 1966లో వచ్చింది. ఆయన ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1961లో పాతకాలపు గొప్ప బ్యాటర్ టై కాబ్ పోయాక, ఆ తరం ఆటగాళ్ళు మాటలు కూడా మిగల్చకుండా వెళ్ళిపోతారేమోనని టేప్ రికార్డర్ పట్టుకుని 75,000 మైళ్ళు తిరిగాడు. కొంటే 1984 ఎడిషనే కొను. పాతదాంట్లో 22 మంది, దీంట్లో హ్యాంక్ గ్రీన్‌బర్గ్‌తో కలిపి ఇంకో నలుగురు. ఆడియో కూడా దొరుకుతుంది. అందులో వినబడేవి అద్దె గొంతులు కావు, ఆ ముసలాళ్ళ సొంత గొంతులే.

మన మ్యాచ్ ఆడినవాళ్ళు రెండు పక్షాల నుంచీ ఇందులో ఉన్నారు. జెయింట్స్ వైపు ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్, క్యాచర్ మేయర్స్. రెడ్ సాక్స్ వైపు హ్యారీ హూపర్, జో వుడ్. మేయర్స్‌ని అంతటా ‘చీఫ్’ అనే రాస్తారు. ఆయన కవియా తెగవాడు, అసలు పేరు జాన్ టోర్టెస్ మేయర్స్. అప్పట్లో ఆదివాసీ ఆటగాడు ఎవరొచ్చినా తగిలించే పేరే అది.

అయితే పుస్తకం తెరవకముందు ఒక పని చెయ్యి. రెట్రోషీట్ అనే సైట్‌లో ఆ ఆట వివరం బంతి బంతికీ కాకపోయినా బ్యాటర్ బ్యాటర్‌కీ ఉచితంగా ఉంటుంది. పదో ఇన్నింగ్స్‌ని కాగితం మీద నీ చేత్తో దించుకో. ఫీల్డర్లని నెంబర్లతో రాస్తారు, జెర్సీ నెంబర్లనుకునేవు: పిచర్ (బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. కొత్తవాళ్ళు తడబడేది షార్ట్‌స్టాప్ దగ్గరే. మనిషి సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడతాడు కాబట్టి 5 వేసేస్తారు, అక్కణ్ణుంచి లెక్కంతా గల్లంతు.

జెయింట్స్ 2-1 ముందున్నారు. బోస్టన్ చివరి అవకాశం. వుడ్ బదులు బ్యాట్ పట్టిన ఎంగిల్ సెంటర్‌కి లేపితే స్నాడ్‌గ్రాస్ చేతిలో పడి జారిపోయింది, ఎంగిల్ సెకండ్ బేస్ చేరాడు. ‘ఈ8’ అని రాసుకో, ఈ అంటే ఎర్రర్. వెంటనే హూపర్ గట్టిగా బాదిన బంతిని అదే స్నాడ్‌గ్రాస్ పరిగెత్తి పట్టేశాడు, ‘ఎఫ్8’. యర్క్స్‌కి వాక్, అంటే నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే ఫస్ట్ బేస్ దక్కడం. ఆ తర్వాత స్పీకర్ ఫౌల్‌గా, అంటే గీత బయటికి, పైకి లేపిన తేలికపాటి బంతి మెర్కిల్, మేయర్స్, పిచర్ మాథ్యూసన్ ముగ్గురి నడుమా నేలపాలైంది. బతికిపోయిన స్పీకర్ సింగిల్ కొట్టాడు, 2-2. లూయిస్‌కి కావాలనే వాక్. గార్డ్‌నర్ రైట్ ఫీల్డ్‌కి లేపిన బంతి పట్టుబడింది గానీ, పట్టుబడగానే యర్క్స్ పరిగెత్తి హోమ్ చేరాడు. 3-2, సిరీస్ అయిపోయింది.

ఇప్పుడు నీ కాగితం చూడు. ముగ్గురి మధ్య పడిన ఫౌల్ బాక్స్ స్కోరులో, అంటే ఆటని పట్టికగా కుదించి రాసే లెక్కలో, ఎక్కడా లేదు. ఔటూ కాలేదు, పరుగూ రాలేదు, రాయడానికి గడి లేదు. స్నాడ్‌గ్రాస్ తప్పుకి మాత్రం గడి ఉంది. అందుకే నింద మొత్తం ఆయన నెత్తిన పడింది, ‘ముప్పై వేల డాలర్ల పొరపాటు’ అని పేరే పెట్టేశారు. తర్వాత ఆయన కాలిఫోర్నియాలో బ్యాంకరయ్యాడు, ఆక్స్‌నార్డ్ ఊరికి మేయరయ్యాడు. 1974లో పోతే న్యూయార్క్ టైమ్స్ శీర్షికలో ఎక్కింది 1912లో జారిన ఆ బంతే.

స్నాడ్‌గ్రాస్ అధ్యాయం ముందు చదివి, హూపర్‌ది తర్వాత చదువు. అదే ఆటలో ఐదో ఇన్నింగ్స్‌లో డాయిల్ కొట్టిన బంతిని హూపర్ ప్రేక్షకుల మీదకి ఒరిగిపోతూ పట్టాడు. అంటే పట్టినవాడూ అతనే, పట్టుబడ్డవాడూ అతనే. యాభై ఏళ్ళ తర్వాత చెప్పిన మాటలు కదా, కాగితానికీ మాటకీ తేడా వచ్చినచోట పెన్సిల్‌తో గీత పెట్టు. అబద్ధమని కొట్టెయ్యకు, ఎవరు దేన్ని గుర్తుపెట్టుకున్నారో అక్కడే తెలుస్తుంది.

అంకెలతో ఇంకో చిక్కుంది. ఆర్‌బీఐ, అంటే ఒక బ్యాటర్ వల్ల వచ్చిన పరుగుల లెక్క, అధికారికమైంది 1920లో, కావాలని ఇచ్చే వాక్‌ని విడిగా రాయడం 1955లో. 1912కి ఆర్‌బీఐ ఎక్కడైనా కనబడితే అది అప్పటి అధికారిక లెక్క కాదు. ఈ బాక్స్ స్కోరు పద్ధతిని నిలబెట్టిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు రాసినవాడు. కాబట్టి నీకు మరీ పరాయిగా ఉండదులే. స్ట్రైకౌట్‌కి (మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ ఔటవడానికి) ‘కె’ అని రాయడం ఆయన చలవే, స్ట్రక్ అనే మాటలో చివరక్షరం.

అభిమానుల సంగతి కావాలంటే అదీ ఈ సిరీస్‌లోనే ఉంది. రాయల్ రూటర్స్ అని బోస్టన్‌లో పాటలు పాడుతూ గోల చేసే దండు. ఆఖరాటకి ముందురోజు వాళ్ళు ఎప్పుడూ కూర్చునే సీట్లు వేరేవాళ్ళకి అమ్మేశారు. మైదానంలోకి దిగి గొడవ చేస్తే గుర్రాల మీది పోలీసులు నెట్టేశారు. మర్నాడు చాలామంది అలిగి మానేశారు, వచ్చింది 17,034 మందే. అంత పెద్ద ఆటకి!

ఇది అయ్యాక ఎలియట్ అసినాఫ్ ‘ఎయిట్ మెన్ అవుట్’కి వెళ్ళు, 1919 వరల్డ్ సిరీస్ పందేల కుంభకోణం గురించి. బిగువుగా నడుస్తుంది గానీ ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పడు. ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి ‘హ్యారీ ఎఫ్’ అని లేని మనిషినొకణ్ణి దూర్చాడు. వాణ్ణి నిజమనుకుని ఎత్తి రాసిన పుస్తకం కనబడితే దాన్ని పక్కన పెట్టెయ్. రాబర్ట్ పీటర్సన్ ‘ఓన్లీ ది బాల్ వాజ్ వైట్’, 1970, మాత్రం తప్పించకు. రిట్టర్ ముసలాళ్ళు ఆడిన మేజర్ లీగుల్లో నల్లవాళ్ళకి చోటు లేదు. వాళ్ళు విడిగా ఆడిన లీగుల కథ ఇందులో ఉంది. ఆ అంకెల్ని మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపింది 2024లో. దాంతో బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ని దాటి ఆ లీగుల ఆటగాడు జాష్ గిబ్సన్ .372తో పైకొచ్చాడు. నువ్వు కొనే పుస్తకం అంతకు ముందుదైతే పై పేరు కాబ్‌దే ఉంటుంది, అచ్చు తప్పనుకోకు.

పదో ఇన్నింగ్స్ కాగితం రాశాక ఫోటో తీసి పంపు. షార్ట్‌స్టాప్‌కి 5 వేశావో లేదో చూడాలి.

నీ
రాజా