తాబోలో మమ్మల్ని కాచుకున్నవాళ్లకు

పోయిన అక్టోబర్‌లో నాన్నను తీసుకుని హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్లాను. అమ్మ పోయి ఏడాదైంది. ఆ ఏడాదంతా నాన్న ఇల్లు కదల్లేదు. ఎక్కడికైనా వెళ్దాం నాన్నా అని బతిమాలితే, "ఆ కాలచక్రకు వచ్చినవాళ్ల ఊళ్లు చూపించమ్మా" అన్నారు. మాది అమరావతి పక్క పల్లె. 2006 జనవరిలో దలైలామా గారు అక్కడ కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా ఉత్సవం జరిపినప్పుడు, ఆ గుడారాలకు అమ్మా నాన్నా రోజూ పాలు పోశారు.

సిమ్లా వైపు నుంచి ఆగుతూ ఆగుతూ తాబో చేరాం. పదివేల అడుగులకు పైనున్న ఊరు. ఆ ఎత్తు పడక ఆ రాత్రే నాన్నకు తలనొప్పి, వాంతులు, ఆయాసం. కిందికి దింపుదామంటే వెనకాల కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. ముందున్న కాజా ఊరికి వెళ్తే ఎత్తు ఇంకా పెరుగుతుంది. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

డ్రైవర్ తమ్ముడూ, ముందు నీకు దండం. "పైకి ఒక్క అడుగు కూడా వద్దు దీదీ" అని బండి తాళం జేబులో వేసుకుని, అర్ధరాత్రి చలిలో పోయి నర్సమ్మను లేపుకొచ్చావు. నర్సమ్మా, తెల్లారేదాకా ఆక్సిజన్ పెట్టి నాన్న వేలు పట్టుకుని కూర్చున్నారు. రోడ్డు పనుల దగ్గరున్న శ్రీకాకుళం తమ్ముడూ, తెలుగు మాట విని పరుగున వచ్చి, నాలుగు రోజులూ "బాబాయ్, ఎలాగుంది?" అని పొద్దునా సాయంత్రం పలకరించావు. మందు సగం అయితే ఆ పలకరింపు సగం.

మేం దిగిన ఇంటి పెద్దమ్మ గురించి ఎంత రాసినా చాలదు. ఆ నేలలో పచ్చదనం ఏటి ఒడ్డునే. మిగతాదంతా బూడిదరంగు కొండలు. బార్లీ, బఠాణీ, ఏడాదికి ఒకే పంట. ఆ ఒక్క పంటతో చలికాలమంతా గడవాలి. అయినా మేమున్న నాలుగు రోజులూ పొయ్యి ఆరనివ్వలేదు. వేడి వేడి తుక్పా, అంటే నూడుల్స్ వేసిన సూపు, చేసి, నాన్న చేత చెంచా చెంచా తాగించింది.

మూడో రోజు నాన్న లేచి కూర్చున్నాక, మీది ఏ ఊరని నన్ను అడిగింది. నా వచ్చీరాని హిందీలో అమరావతి అన్నాను. ఆమె లేచి వెళ్లి, పూజ గదిలోంచి చిన్న గుడ్డ మూట తెచ్చింది. విప్పితే అందులో గుప్పెడు మట్టి. మా మట్టి! 2006లో ఆమె కాలచక్రకు వచ్చిందట. నాన్న రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ గుడారాల్లో ఈమెకు మా అమ్మ పాలు పోసిందో లేదో ఎవరికి తెలుసు? నాన్న మాత్రం పోసే ఉంటుందని అన్నారు. అమ్మ పోయాక ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు గుడికి వెళ్లాం. 996లో కట్టిన మట్టి ఆరామం అది. లోపల చీకటి, పైనుంచి సన్నటి వెలుగు. గోడల్లోంచి ముందుకు వంగి కూర్చున్న మట్టి బొమ్మలు, వాటి కింద చెరగని రంగులు. నాన్న బయటి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. "మన మట్టిగోడ నాలుగు వానలకు నానిపోతుంది. ఇది వెయ్యేళ్లు నిలిచిందే" అన్నారు. దర్శనం చేయించిన లామా గారూ, మీరు చెప్పిన మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బుద్ధుడు కాలచక్రం బోధించింది మా ధాన్యకటకంలోనే, అంటే పాతకాలపు అమరావతిలోనే అని మీరు నమ్ముతారట. టిబెట్‌లోని డ్రెపుంగ్ మఠానికి ఆ పేరు మా ఊరి నుంచే వచ్చిందట, డ్రెపుంగ్ అంటే వడ్ల రాశి అట. రాశి మధ్యలో పుట్టి పెరిగిన నేను, ఆ మాట గడ్డి కూడా మొలవని కొండ మీద విన్నాను.

రోడ్డు తెరిచాక పెద్దమ్మ డబ్బు తీసుకోలేదు. ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు ఒళ్లో పోసి పంపింది.

సంక్రాంతికి కొత్త బియ్యం వచ్చాయి. నాన్న తనే చెరిగి, రాళ్లు ఏరి, ఐదు కిలోలు గుడ్డ సంచిలో పోసి కుట్టారు. సంచి మీద "ధాన్యకటకం" అని నాతో రాయించారు. పార్సిల్ అందిందని నిన్న తాబో నుంచి ఫోన్ వచ్చింది.