జూలై నుంచి మా ఫ్రెంచి తరగతుల్లో రానున్న మార్పులు

మా దగ్గర ఫ్రెంచి నేర్చుకుంటున్నవారికీ, కొత్తగా చేరాలనుకుంటున్నవారికీ నమస్కారం. జూలై బ్యాచ్ నుంచి బోధనా పద్ధతినీ ఫీజునూ మారుస్తున్నాము. ఫీజు సంగతి ముందే చెబుతాను: ఇప్పుడు నెలకు 4,500 రూపాయలు ఉన్నది 5,500 అవుతుంది. ఒక్కో బ్యాచ్‌లో 16 మందికి బదులు పది మందినే తీసుకోబోతున్నాము కనుక, ఆ మేరకు పెంచకపోతే గది అద్దె, జీతాలు గిట్టుబాటు కావు. ఇప్పటికే చేరినవారికి ప్రస్తుత స్థాయి పూర్తయ్యేవరకు పాత ఫీజే వర్తిస్తుంది.

అసలు మార్పు బోధనలో ఉంది. మా దగ్గరకు వచ్చేవారు దాదాపు అందరూ ఇంగ్లిష్ మీడియంలో చదివినవారే కావడంతో, ఏ వాక్యాన్నైనా ముందు ఇంగ్లిష్‌లో కూర్చుకొని, ఆ తర్వాత పదానికి పదం ఫ్రెంచిలో పెట్టడానికి ప్రయత్నిస్తారు. వయసు చెప్పమంటే 'ఐ యామ్'ను తలచుకొని 'జ స్వీ' అని మొదలుపెడతారు. అక్కడ అనవలసింది 'జే వాఁతాఁ', అంటే ఇరవై ఏళ్లు ఉన్నాయని చెప్పే పద్ధతి. ఆకలి వేస్తే 'జే ఫాఁ', దాహం వేస్తే 'జే స్వాఫ్', నిద్ర వస్తే 'జే సొమెయ్'. అన్నిటికీ 'కలిగి ఉండడం' అనే అర్థమిచ్చే అదే క్రియ. 'నాకు ఇరవై ఏళ్లున్నాయి', 'నాకు ఆకలిగా ఉంది' అని ఇంట్లో రోజూ అనేవారికి ఈ అమరిక అంత పరాయిదిగా తోచదు. అందుకే తొలి స్థాయిలో వ్యాకరణ వివరణ ఇకపై తెలుగులోనే ఉంటుంది.

'త్యు', 'వూ' అనే రెండు పిలుపులు కూడా నువ్వు, మీరు తెలిసినవారికి త్వరగానే పట్టుబడతాయి. అయితే ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. ఫ్రాన్స్‌లో తల్లిదండ్రులనూ తాతయ్యనూ సాధారణంగా 'త్యు' అనే సంబోధిస్తారు, కానీ దుకాణంలో ముక్కూముఖం తెలియని కుర్రవాణ్ణి 'వూ' అంటారు. వయసుకన్నా పరిచయానికే అక్కడ విలువ ఎక్కువ. అదే దుకాణంలో 'బోఁజూర్' అనకుండా నేరుగా ధర అడగడం మర్యాద కాదన్న సంగతి కూడా మొదటి వారంలోనే చెబుతాము.

నామవాచకాల లింగం దగ్గర మాత్రం తెలుగూ ఆదుకోదు, ఇంగ్లిషూ ఆదుకోదు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం ఎందుకయ్యాయని అడిగితే నా దగ్గర జవాబు లేదు. 'సియోఁ' అని ముగిసేవి స్త్రీలింగమనీ, 'ఆజ్' అని ముగిసేవి చాలావరకు పుంలింగమనీ గుర్తుపెట్టుకుంటే కొంత భారం తగ్గుతుంది. 'ప్లాజ్', 'ఇమాజ్' లాంటివి ఆ గీత దాటతాయి. మిగిలినవాటిని పుంలింగానికి 'ల', స్త్రీలింగానికి 'లా' ముందు చేర్చి కంఠస్థం చేయవలసిందే.

మొదటి నెలంతా రాతకన్నా వినడానికీ మాట్లాడడానికీ ఎక్కువ సమయం ఇస్తాము. పుస్తకంలో 'జ న సే పా' (నాకు తెలియదు) అని ఉన్న మాట వీధిలో 'షే పా' అని వినిపిస్తుంది. 'మేము' అనడానికి 'నూ' కన్నా 'ఓఁ' ఎక్కువగా వాడతారు. పరీక్షలో రాసేటప్పుడు మాత్రం 'షే పా'లో మింగేసిన ఆ 'న'ను తప్పక రాయాలి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఉపాధ్యాయులు మా దగ్గర లేరు, ఈ ఫీజుతో తీసుకురాలేము కూడా. ఆ లోటును రేడియో వార్తలతోనూ, రికార్డు చేసిన సంభాషణలతోనూ పూడుస్తాము.

ఆరు నెలల్లో బి2 (ఎ1 నుంచి సి2 వరకు ఉన్న ఆరు భాషా స్థాయుల్లో నాలుగోది) చేయిస్తారా అని చాలామంది అడుగుతున్నారు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి మూడు తరగతులకు వచ్చేవారికి ఆ హామీ ఇవ్వను. ఫ్రెంచి స్థాయిని ధ్రువీకరించే డెల్ఫ్ పరీక్షలో నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. కాబట్టి రాతలో ఎంత బాగా చేసినా, మాట్లాడే భాగంలో నోరు పెగలకపోతే ఉత్తీర్ణత దక్కదు. డెల్ఫ్ ధ్రువపత్రానికి కాలపరిమితి లేదు కానీ, కెనడా వలసకు అడిగే టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచి పరీక్షల ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. కనుక దరఖాస్తు సమయం దగ్గరపడకముందే తొందరపడి ఆ పరీక్షల రుసుము కట్టవద్దని మనవి.

సాయంత్రం బ్యాచ్‌లో కొనసాగదలచినవారు జూన్ నెలాఖరులోగా కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. కొత్త పద్ధతి నచ్చనివారికి, ఇంకా జరగని తరగతుల డబ్బు తిరిగి ఇచ్చేస్తాము.