భూ వినియోగ మార్పిడి షరతులపై బహిరంగ సమీక్ష జరగాలి

సంపాదకులకు నమస్కారం.

భూ వినియోగ మార్పిడి ప్రకటనలు మీ పత్రికలోనూ, ఇతర పత్రికల్లోనూ తరచుగా వస్తుంటాయి. ఫలానా గ్రామంలో ఫలానా సర్వే నంబరులోని ఇన్ని చదరపు మీటర్ల స్థలాన్ని నివాస జోన్ నుంచి వాణిజ్య జోన్‌కు మార్చదలచామని, అభ్యంతరాలు, సూచనలు ఉన్నవారు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలని, లోపలి పేజీల్లో టెండరు నోటీసుల పక్కన చిన్న అక్షరాల్లో అచ్చవుతాయి. కింద హద్దుల షెడ్యూలు ఉంటుంది. ఉత్తరాన అదే సర్వే నంబరులో కొంత భాగం, దక్షిణాన పక్క సర్వే నంబరులో భాగం, తూర్పున ఇప్పటికే ఉన్న 30 అడుగుల రోడ్డు, పడమర ఇతరుల భూమి అన్న తీరులో ఆ షెడ్యూలు సాగుతుంది. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన నాకు కూడా గ్రామ నక్షా ముందుంచుకుంటే తప్ప ఆ స్థలం ఎక్కడుందో పోల్చుకోవడం కష్టమే. అది తన ఇంటి వెనక గోడకు ఆనుకొని ఉన్న ఖాళీ జాగాయేనని ఒక సామాన్య గృహస్థుకు ఆ నాలుగు హద్దులను బట్టి ఎలా తెలుస్తుంది? గడువు ముగుస్తుంది, అభ్యంతరాలేవీ రాలేదని ఫైలులో రాసుకుంటారు, తుది ఉత్తర్వు వెలువడుతుంది.

చట్టంలో ఈ మార్పిడికి ఒక క్రమం ఉంది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, పట్టణంలో ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్ స్వరూపాన్ని పెద్దగా మార్చని చిన్న సవరణలే పట్టణాభివృద్ధి సంస్థ చేతిలో ఉంటాయి. భూ వినియోగ విస్తీర్ణాలను తాకే మార్పులు ప్రభుత్వమే చేయాలి. ఏ సవరణకైనా ముందు ప్రకటన ఇచ్చి, వచ్చిన అభ్యంతరాలన్నింటినీ పరిశీలించి తీరాలి. సొంత ప్లాన్ ఉన్న పట్టణాల్లో పాలకమండలి తీర్మానం కూడా ఫైలుకు జతపడుతుంది. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో, అంటే మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితాలో, మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండవది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. ఆ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా మా కాలనీ పక్క స్థలం దేనికి వాడాలన్నది నిర్ణయించే గదిలోకి మా వార్డు మాట చేరే దారి ఇంకా ఏర్పడలేదు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయించిన కేసులో, ఆ పరిసరాల నివాసులకు కోర్టుకెక్కే హక్కు ఉందని సుప్రీంకోర్టు 1991లోనే స్పష్టం చేసి, ఆ కేటాయింపు చెల్లదన్నది. కోర్టుకెళ్లే హక్కు ఉన్నవారికి అంతకుముందు దశలో, తమ వీధిలోనే, తమ మాట చెప్పుకునే వీలు లేకపోవడం న్యాయం కాదు.

ఇక ఉత్తర్వులోని షరతుల సంగతి. నేను ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం ఇదే. భూ వినియోగ మార్పిడి ఉత్తర్వులు నాలుగైదు తెచ్చుకొని పక్కపక్కన పెట్టి చదవండి. దరఖాస్తుదారు మార్పిడి రుసుములు చెల్లించాలి, ప్రతిపాదిత రోడ్డు కిందకు వచ్చే భాగాన్ని ఉచితంగా అప్పగించాలి, ఈ మార్పిడిని భూమిపై హక్కుకు రుజువుగా చూపరాదు, పట్టణ భూపరిమితి చట్టం, వ్యవసాయ భూపరిమితి చట్టం వర్తిస్తే వాటికి లోబడి ఉండాలి, హక్కు పత్రాలను సంబంధిత అధికారులు క్షుణ్ణంగా పరిశీలించాలి అన్న వాక్యాలే దాదాపు అదే వరుసలో కనిపిస్తాయి. ఇవి అవసరమైన షరతులే, కాదనను. అయితే వీటిలో ఒక్కటి కూడా ఆ స్థలాన్ని చూసి రాసినట్టు ఉండదు. ఆ సందు ఎంత వెడల్పు, వాన నీరు ఎటు పారుతుంది, ఎదురుగా బడి ఉందా, సాయంత్రం వాహనాలు ఎక్కడ ఆగుతాయి, బోరు వేస్తే పక్క ఇళ్ల బోర్లు ఏమవుతాయి అన్న ప్రశ్నలకు ఆ వాక్యాల్లో జవాబు దొరకదు. హక్కు పత్రాలను పరిశీలించాల్సిన ‘సంబంధిత అధికారి’ ఎవరో, ఎప్పటిలోగా పరిశీలించాలో కూడా ఉండదు.

హైదరాబాద్ శివారులో మేముండే కాలనీ వెనక ఇటువంటి ఉత్తర్వు ఆధారంగానే ఒక ఫంక్షన్ హాలు వెలసింది. స్థానిక కార్యాలయం దానికిచ్చిన అనుమతిలో వాహనాలు ప్రాంగణం లోపలే నిలపాలని, రాత్రి 10 గంటల తర్వాత లౌడ్ స్పీకర్లు వాడరాదని స్పష్టంగా రాసి ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆ నిషేధాన్ని ఎటూ విధిస్తున్నాయి. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదు. మాఘమాసం ముహూర్తాలు వచ్చాయంటే మా సందులోకి అంబులెన్సు కూడా రాలేని స్థితి. వధూవరులను, వారి బంధువులను నేను తప్పుపట్టను. పార్కింగుకని ప్లాన్‌లో చూపిన స్థలంలో ఇప్పుడు రేకుల షెడ్డు కింద వంటశాల, భోజనాల బల్లలు ఉన్నాయి. షరతులు అమలవుతున్నాయో లేదో ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. అనుమతి పత్రం నకలు ఇచ్చారు. తనిఖీ వివరాలు రికార్డులో లేవని ఒక్క ముక్కలో తేల్చారు. యజమాని షరతును ఉల్లంఘించాడా అన్నది తర్వాతి మాట. ఆ షరతును గుర్తుపెట్టుకొని వెళ్లి చూడాల్సిన మనిషే ఈ వ్యవస్థలో లేడు.

షరతు అమలు కావాలంటే దానికో పట్టు ఉండాలి. అటువంటి పట్టు మన నిబంధనల్లోనే ఒకచోట ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు చిన్న ఇళ్లను మినహాయించి, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం స్థానిక సంస్థకు తనఖా పెట్టమన్నాయి. ప్లాన్ ప్రకారం కట్టి, భవనాన్ని వాడుకోవచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే ఆ భాగం విడుదలవుతుంది. దీనిలో లోపాలు లేవని కాదు గాని, బిల్డరు ఆ పది శాతం కోసమైనా కార్యాలయం గడప తొక్కుతాడు. భవనం పూర్తయ్యాక దాని వినియోగం మీద పెట్టే షరతులకు, అంటే పార్కింగు, శబ్దం, వేళలు, వ్యర్థాల తొలగింపు వంటి వాటికి, ఇటువంటి పట్టు లేదు. ఫంక్షన్ హాలుకైనా, హాస్టలుకైనా, కార్పొరేట్ కాలేజీకైనా ఏటా ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరించే సమయంలో షరతుల తనిఖీ నివేదికను తప్పనిసరి చేస్తే, కొత్త చట్టమేదీ లేకుండానే సగం సమస్య తీరుతుంది.

నీటి దారుల విషయంలో ఈ అలసత్వం ప్రాణాల మీదకు వస్తుంది. అదే 2012 నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న వాగులు, నాలాలకు కూడా 9 మీటర్లు వదలాలి. చాలా అనుమతుల్లో ‘బఫర్ వదలాలి’ అని రాస్తారు. ఆ బఫర్‌ను ఎక్కడినుంచి కొలవాలి? చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో చూపే పూర్తి నీటి మట్టం రాళ్లు పాతి ఉన్నాయా? నాలా గట్టును గ్రామ నక్షాతో సరిచూశారా? భూమి కొలిచే చైను పట్టిన చేతులతో చెబుతున్నాను, రాయి పాతని హద్దు రెండు వానాకాలాలు దాటదు. 2020 అక్టోబరు వరదలో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఈ ఇళ్లకు అనుమతులు ఎవరిచ్చారని అందరమూ అడిగాం. 2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కూల్చివేతలు చూశాం. అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నవాడు రోడ్డున పడ్డాక అడిగే ఈ ప్రశ్నలను, అనుమతికి ముందే, ఆ చెరువు ఎరిగిన ఊరి పెద్దలను, రైతులను పక్కన కూర్చోబెట్టుకొని అడిగితే ఎంత నష్టం తప్పుతుంది!

మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఇటువంటి అనుమతులను స్థానిక ప్లానింగ్ బోర్డు బహిరంగంగా విచారిస్తుంది. నివాస ప్రాంతంలో షరతులకు లోబడి మాత్రమే అనుమతించే వినియోగాలు ఏవో, ఆ షరతుల కొలతలేవో ముందే స్థానిక శాసనంలో స్పష్టంగా రాసి ఉండాలి. అధికారి అప్పటికప్పుడు కల్పించడానికి వీల్లేదు. దరఖాస్తుదారు తన స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ప్రతి యజమానికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు పంపాలి. ప్లాన్లు ఆ పది రోజులూ కార్యాలయంలో అందరికీ అందుబాటులో ఉంచాలి. సాక్షులు ప్రమాణం చేసి చెబుతారు, పొరుగువారు వారిని ప్రశ్నించవచ్చు, చివరికి బోర్డు కారణాలతో, షరతులతో రాతపూర్వక తీర్మానం చేస్తుంది. అక్కడి ఎడిసన్ పట్టణంలో ఉండే మా అక్క కొడుకు, పక్క స్థలంలోని ప్రార్థనా మందిరం విస్తరణ విచారణకు వెళ్లి, వాన నీటి కాలువ గురించి ఇంజనీరును తానే ప్రశ్నించి జవాబు రాబట్టానని ఫోనులో చెప్పాడు. అదే కుర్రవాడు ఇక్కడ ఉండగా తన వార్డు కార్యాలయం ఎక్కడుందో ఎరగడు. ఎరగనవసరం లేకుండా మనమే చేశాం.

అక్కడి పద్ధతి అంతా సవ్యమని నేను అనను. అదే రాష్ట్రంలో బెర్నార్డ్స్ టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు ఒక మసీదు దరఖాస్తును 39 విచారణల పాటు సాగదీసి, 2015 డిసెంబరులో తిరస్కరించింది. చర్చీలకు వాడే లెక్కన 50 పార్కింగు స్థలాలు చాలే చోట 107 కావాలని పట్టుబట్టింది. ఒక మతానికి ఒక కొలత, మరో మతానికి మరో కొలత చెల్లదని 2016 చివరిరోజున ఫెడరల్ న్యాయమూర్తి తీర్పునిచ్చారు. మరుసటి ఏడాది టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. కాబట్టి బహిరంగ విచారణ అంటే గుమిగూడి కేకలు వేసినవారి పక్షాన తీర్పివ్వడం కాదు. గుడికి, చర్చికి, మసీదుకు, ఫంక్షన్ హాలుకు, హాస్టలుకు ఒకే కొలబద్ద ఉండాలి. అది ముందే అచ్చులో ఉండాలి. అద్దెకుండేవారు, అవివాహితులు, ఫలానా తిండి తినేవారు వద్దంటూ వచ్చే అభ్యంతరాలను అధికారి మొహమాటం లేకుండా పక్కన పెట్టాలి. రోడ్డు, నీరు, మురుగు, శబ్దం, మంటల రక్షణ, బడిపిల్లల దారి గురించి వచ్చే అభ్యంతరాలకు మాత్రం ఒక్కొక్కదానికి కారణంతో జవాబు రాయాలి.

ఇంత చేస్తే పనులు ఆలస్యమవుతాయి, పెట్టుబడులు వెనక్కి పోతాయి అని కొందరు అంటారు. చిన్న ఇంటి అనుమతికి ఎవరూ విచారణ కోరడం లేదు. 2020 నుంచి తెలంగాణలో చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతులు వస్తున్నాయి, అది మంచిదే. ఒక స్థలం స్వభావమే మారిపోయే సందర్భాలకు మాత్రమే సమీక్ష అడుగుతున్నాను. అటువంటి ఫైలు ఎటూ నెలల తరబడి బల్లల మీద తిరుగుతూనే ఉంటుంది. ఆ నెలల్లో ఒక సాయంత్రం ప్రజలకు కేటాయిస్తే ఆలస్యమేమీ కాదు.

ప్రభుత్వానికి నా విన్నపం ఇది. పత్రికా ప్రకటనతో పాటు ఆ స్థలం ముందే, రోడ్డు మీద వెళ్లేవారు చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, తెలుగులో బోర్డు పెట్టించాలి. దాని మీద సర్వే నంబరుతో పాటు వీధి పేరు, దగ్గరి గుర్తు, ఏమి కట్టబోతున్నారన్నది ఉండాలి. చుట్టుపక్కల ఇళ్లకు నోటీసు చేతికివ్వాలి. గడువు 30 రోజులుండాలి, అందులో ఒకరోజు ఆ వార్డులోనే, పనివేళలు ముగిశాక, టౌన్ ప్లానింగ్, ఇంజనీరింగ్, నీటిపారుదల, అగ్నిమాపక అధికారులు కలిసి కూర్చుని వినాలి. అనుమతి ఇచ్చాక షరతుల పత్రాన్ని భవనం గేటు దగ్గర వేలాడదీయాలి, ప్రతి షరతు పక్కన దాన్ని చూడాల్సిన అధికారి హోదా, తనిఖీ తేదీ ఉండాలి. ఇప్పటికే ఇచ్చిన అనుమతుల్లో ఫంక్షన్ హాళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థలకు పెట్టిన షరతులను ఒక్కసారైనా వార్డుల వారీగా తనిఖీ చేసి, నివేదికను కార్యాలయం నోటీసు బోర్డులో, వెబ్‌సైటులో ఉంచాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. భూ వినియోగ మార్పిడి ప్రకటనలు మీ వాణిజ్య విభాగానికి వచ్చినప్పుడు, ఆ మండలం విలేకరికి ఒక ప్రతి పంపి, జిల్లా పేజీలో రెండు వాక్యాల వార్తగా, వీధి పేరుతో సహా వేయించండి. గడువు తేదీ కూడా అందులో ఉంటే మా వంటి కాలనీ సంఘాలు అర్జీ పట్టుకొని సకాలంలో వెళ్లగలుగుతాయి.

ఇట్లు,
ఒక కాలనీ సంక్షేమ సంఘం సభ్యుడు, విశ్రాంత సర్వేయరు,
మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా