ముప్పై ఏళ్ల లెక్క మధ్యలో తెగితే అతుకు పడదు: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో వాతావరణ పరికరాల దగ్గర పనిచేస్తున్నవాళ్లం, గతంలో చేసినవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఇంగ్లీషు, ఒడియా ప్రతులు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. తెలుగులో ఎందుకంటే, గోపాల్‌పూర్ నుంచి సొనపూర్ దాకా సముద్రం మీదికి తెప్ప తోసేవాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. మేం కొలిచేది వాళ్ల గాలినే. దాని గురించి వాళ్లకు తెలియని భాషలో మాట్లాడుకోవడం మర్యాద కాదు.

మా వినతి చిన్నది. తీరంలోని ఏ సముద్ర పరిశోధన కేంద్రంలోనైనా పాత వాతావరణ పరికరాలు తీసి స్వయంచాలక కేంద్రం పెట్టేటప్పుడు, పాతదీ కొత్తదీ కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు పక్కపక్కనే నడవాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆ తర్వాత కొత్తదాన్ని చూసుకునే మనిషికీ విడిభాగాలకూ ఏటేటా ఖర్చు రాయండి. ప్రపంచ వాతావరణ సంస్థ మార్గదర్శకాల్లో ఎప్పటినుంచో ఉన్న మాటే. టెండరు కాగితాల దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోతుంది.

ఏడాది ఎందుకంత ముఖ్యమో ఒక్క లెక్కతో చెబుతాం. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని మీ శాఖే 2020లో వెలువరించిన నివేదికలో ఉంది. స్వయంచాలక కేంద్రంలో ఉష్ణోగ్రతను పసిగట్టేది ప్లాటినం తీగ. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 100 ఓములు, ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.385 ఓము పెరుగుతుంది. దాన్ని రెండే తీగలతో, అంకెలు రాసుకునే లాగర్ పెట్టెకు కలిపారనుకోండి, దారిలో ఉన్న ప్రతి స్క్రూ, ప్రతి అతుకు నిరోధం కూడా వేడిగానే లెక్కలోకి ఎక్కుతుంది. ఉప్పుగాలికి టెర్మినల్ దగ్గర చిలుము పట్టి పావు ఓము పైచిలుకు చేరితే చాలు, దేశానికి నూరేళ్లకు పైగా పట్టిన వేడి మాకు ఒక్క వర్షాకాలంలో వచ్చేస్తుంది. నాలుగు తీగలతో కలిపితే ఈ బాధ లేదు. రెండు తీగలు కరెంటు మోస్తాయి, మిగతా రెండు వోల్టేజీ చూస్తాయి, మధ్యలో చిలుముకు లెక్కలో చోటుండదు. ఖర్చులో తేడా కొన్ని మీటర్ల కేబులు, అంతే. ఆ కేబులు కూడా తగరం పూత రాగిదై ఉండాలి. పెట్టెలోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. లేదంటే వాననీరు కేబులు వెంటే నడిచి లోపలికి పోతుంది.

పాత థర్మామీటర్లు తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో, ఉత్తరం వైపు తలుపుతో ఉండేవి. కొత్త సెన్సార్ చిన్న ప్లాస్టిక్ పళ్లేల గొడుగు కింద ఉంటుంది. గాలి ఆడని మే నెల మధ్యాహ్నం ఆ గొడుగు వేడెక్కి, లోపలి సెన్సార్‌ను కూడా వేడెక్కిస్తుంది. చెక్క పెట్టె తీరు వేరు, అది నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. తేడా ఎంతన్నది నెలను బట్టి, గాలిని బట్టి మారుతుంది గనక బల్ల దగ్గర కూర్చుని సరిదిద్దలేం. నాలుగు రుతువులూ పక్కపక్కన నడిపితేనే తేలుతుంది.

పరికరం మారకపోయినా చుట్టూ మారేవి ఉంటాయి. పెట్టె కింద గడ్డి తీసి గచ్చు చేస్తే రాత్రి కనిష్ఠం పెరుగుతుంది. పక్క గదికి ఏసీ పెట్టి దాని బయటి డబ్బా ఇటు తిప్పినా అంతే. చెక్క పెట్టె రంగు పసుపెక్కితే పగటి గరిష్ఠం పెరుగుతుంది. తేమ కొలిచే తడి బల్బు థర్మామీటరుకు చుట్టిన మస్లిన్ గుడ్డకు ఉప్పు పడితే నీరు సరిగా ఆవిరి కాక, తేమ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లోతట్టు ఊళ్లలో వారానికొకసారి మార్చే గుడ్డను తీరంలో అంతకంటే ముందే మార్చాలి, అదీ డిస్టిల్డ్ వాటర్‌తోనే తడపాలి. బోరు నీళ్లు పోసి చేతులు దులుపుకునే అలవాటు ఒకటి ఉంది, దాన్ని మాన్పించడం చాలా కష్టం.

గాలి సంగతి ఇంకా చిక్కు. గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ నేలకు 10 మీటర్ల ఎత్తున ఉండాలి. చుట్టూ ఉన్న ఏ అడ్డమైనా దాని ఎత్తుకు కనీసం పది రెట్ల దూరంలో ఉండాలి. మా తీరంలో కోతనూ తుపాన్లనూ ఆపడానికి సరుగుడు తోటలు వేస్తున్నారు, వేయాల్సిందే. కానీ 12 మీటర్లకు ఎదిగిన సరుగుడు 120 మీటర్ల దూరంలో లేకపోతే ఏటేటా గాలి తగ్గుతున్నట్టు రికార్డులో పడుతుంది. సముద్రం మీద గాలి ఎప్పటిలాగే వీస్తూ ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరో విద్యార్థి ఆ అంకెలు తీసి 'తీరంలో గాలి బలహీనపడుతోంది' అని సిద్ధాంత వ్యాసం రాస్తాడు. తప్పు అతనిది కాదు, చెట్టు ఎప్పుడు నాటారో, ఏ ఏడాది ఎంత ఎత్తు ఉందో పుస్తకంలో రాయనివాళ్లది.

ఎనిమోమీటర్‌లో గాలికి తిరిగే కప్పుల బేరింగులో ఉప్పు చేరినా అదే దారి. ముందు పోయేది మెల్లని గాలి. పెద్ద గాలి బాగానే కనిపిస్తుంది, తెల్లవారుజామున మెల్లగా వీచే కొండగాలి మాత్రం 'సున్నా' అయిపోతుంది. వేటకు బయలుదేరేవాళ్లకు పనికొచ్చేది ఆ గాలే. పరీక్ష కష్టం కాదు. స్తంభం దించి, కప్పులు తీసి, ఇరుసును వేళ్లతో గిర్రున తిప్పి వదలాలి. నెమ్మదిగా ఆగితే సరే, టక్కున ఆగితే బేరింగు మార్చాలి. తీరంలో దాన్ని ఏడాదికోసారి మార్చడం నియమంగా పెట్టుకోవాలి, పరీక్షలో నెగ్గినా సరే. స్తంభానికి ఉక్కు, అల్యూమినియం నేరుగా తగిలిన చోటల్లా నైలాన్ వాషరు వేయాలి. లేకపోతే ఉప్పు తడిలో అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను గాలి గంటకు 200 నుంచి 210 కిలోమీటర్లు, ఒక్కో విసురు 220 అని వాతావరణ శాఖ అంచనా. సెకనుకు 61 మీటర్లన్న మాట. సెకనుకు 50 లేదా 60 మీటర్ల దాకా మాత్రమే కొలిచే ఎనిమోమీటర్‌ను ఈ తీరానికి కొనడంలో అర్థం లేదు. కనీసం 75 ఉండాలని కొనుగోలు షరతుల్లో రాయించండి. 2018లో తిత్లీ, 2021లో గులాబ్ కూడా మా పరిసరాల్లోనే తీరం దాటాయి. ఈ తీరానికి పెద్ద గాలి అరుదైన చుట్టం కాదు.

తుపాను తర్వాతి వారం కరెంటు ఉండదు, సోలార్ పలక ఎగిరిపోయి ఉండవచ్చు, ఉన్నా మబ్బు. లాగర్, సెన్సార్లు, మోడెము కలిసి సగటున 100 మిల్లీయాంపులు లాగితే రోజుకు 2.4 యాంపియర్ గంటలు. 12 వోల్టుల, 42 యాంపియర్ గంటల బ్యాటరీలో సగం వరకే వాడుకోగలం అనుకుంటే ఎనిమిది రోజులు పైచిలుకు నిలుస్తుంది. టెండర్లలో కనిపించే 7 యాంపియర్ గంటల బ్యాటరీకి సగమంటే ఒకటిన్నర రోజు. నిమిషం నిమిషం రీడింగు లాగర్‌లోనే దాచుకోవాలి. సిగ్నల్ పోయినా అంకె పోకూడదు.

గాలి పీడనం కొలిచే బారోమీటర్ గురించి తక్కువే చెబుతాం గానీ అదే మమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది. సముద్ర మట్టం దగ్గర సుమారు 8 మీటర్లు పైకి పోతే పీడనం ఒక హెక్టాపాస్కల్ (పీడనం కొలమానం) తగ్గుతుంది. కార్యాలయం కింది గది నుంచి మేడ మీదికి మారిందని బారోమీటర్ పెట్టెను కూడా మూడున్నర మీటర్లు పైకి ఎక్కించి, ఎత్తు సవరణ మార్చడం మరిచిపోతే 0.4 హెక్టాపాస్కల్ పోతుంది. పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబ్బుతుందన్నది మోటు లెక్క. పీడనం ప్రభావాన్ని తీసేసి నీటి మట్టం చూడాలనుకునేవాళ్లకు ఆ మేడమెట్లు 4 మిల్లీమీటర్ల తప్పు ఇస్తాయి. ప్రపంచవ్యాప్తంగా సముద్ర మట్టం ఏడాదికి పెరిగేది దాదాపు అంతే. పొడంపేట లాంటి ఊరు సముద్రంలో కలిసిపోయిన తీరం ఇది, ఇక్కడ మిల్లీమీటరు కూడా లెక్కే.

వానకు స్వయంచాలక గేజ్ ఒక్కటే చాలదు. లోపలి చిన్న బకెట్ నిండి ఒరిగినప్పుడల్లా 0.2 మిల్లీమీటర్లు లెక్క. కుండపోతలో బకెట్ ఒరిగే ఆ క్షణంలో పడే నీరు లెక్కకు రాదు, వాన తక్కువ చూపిస్తుంది. సరుగుడు ఆకు, పక్షి రెట్ట గరాటులో అడ్డం పడితే అసలే చూపించదు. గరాటు వ్యాసం 200 మిల్లీమీటర్లయితే 628 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి, గంటసేపు సన్నని ధారగా పోయండి. సరిగ్గా 100 సార్లు ఒరగాలి. నెలకొకసారి, వర్షాకాలానికి ముందు తప్పకుండా చేయాలి. పక్కనే మామూలు చేతి గేజ్ ఉంచి రోజూ ఉదయం 8:30కి కొలవాలి. దాని కొలగాజు పగిలితే వేరే గరాటుది తెచ్చి వాడవద్దు. 200 చదరపు సెంటీమీటర్ల గరాటు నీళ్లను 100దాని గాజుతో కొలిస్తే వాన రెండింతలవుతుంది.

అన్నిటికంటే చెడ్డ అంకె సున్నా. గేజ్ మూసుకుపోయిన రోజు, వాన పడని రోజు రెండూ ఫైలులో 0.0గానే ఉంటాయి. కొలవని రోజు ఖాళీగా ఉండాలి, కారణం రాసి ఉండాలి. కొందరు ఖాళీకి గుర్తుగా -999 పెడతారు. దాన్ని తీయకుండా సగటు కట్టిన పట్టికలు కూడా చూశాం, నవ్వాలో ఏడవాలో తెలియదు. గడియారం కూడా అంతే. లాగర్ గ్రీన్‌విచ్ కాలంలో ఉంటే అయిదున్నర గంటలు కలపాలి. ఇద్దరు మనుషులు రెండుసార్లు కలిపితే పగటిపూట రావాల్సిన సముద్రపు గాలి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వస్తుంది.

ఈ అంకెలు మా సరదాకి కాదు. ఋషికుల్య మొగ దగ్గర ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లల్లో ఆడ, మగ తేల్చేది గూటి వేడి. 29, 30 డిగ్రీల అటూ ఇటూ తేడాకే మొగ్గు మారుతుంది, వేడెక్కితే ఆడవి ఎక్కువ. గూళ్లు ఉండే లోతున ఇసుకలో రెండు సెన్సార్లు పాతి, గాలి ఉష్ణోగ్రతతో కలిపి ఏళ్ల తరబడి రాస్తే తప్ప తాబేళ్ల గురించి ఏదీ గట్టిగా చెప్పలేం. ఆ రెండు సెన్సార్లను కూడా పరిశోధన కేంద్రం సామాన్ల జాబితాలో చేర్చండి.

ఇక డబ్బు. వాతావరణ సగటుకు ముప్పై ఏళ్లు కావాలి, ఇప్పుడు వాడేది 1991 నుంచి 2020 వరకు. ప్రాజెక్టులకు డబ్బు వచ్చేది మాత్రం మూడేళ్లకో అయిదేళ్లకో. అయిదేళ్ల ప్రాజెక్టు ఆరుసార్లు చేతులు మారితేగానీ ఒక సగటు పూర్తి కాదు. మారిన ప్రతిసారీ కొత్త కంపెనీ, కొత్త సెన్సార్, కొత్త స్తంభం. పాత పుస్తకాలు బీరువా మీదికి, అక్కడి నుంచి చెదలకు. అందుకే వాతావరణ పరిశీలనను ప్రాజెక్టు పద్దులోంచి తీసి పరిశోధన కేంద్రం శాశ్వత పద్దులో పెట్టండి. ప్రతి సెన్సార్‌కూ క్రమాంకనం చేసిన (కొలత సరిచూసిన) జోడీ ఒకటి అల్మరాలో సిద్ధంగా ఉండాలి. పాడైన రోజున ఇండెంటు రాయడం మొదలుపెడితే లెక్కలో నెలల ఖాళీ పడుతుంది.

మార్పుల పుస్తకం ఒకటి తప్పనిసరి చేయండి. ఏ తేదీన ఏ సీరియల్ నంబరు తీశారు, ఏది పెట్టారు, నాలుగు దిక్కులా ఫొటోలు, ఏ చెట్టు ఎంత ఎత్తు, ఎవరు ఎప్పుడు గుడ్డ మార్చారు, అన్నీ. పాత పుస్తకాలను స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో పెట్టండి. ప్రతి మత్స్యకార వాడలో గుడి దగ్గరో, వలలు ఆరేసే చోటో ఒక బోర్డు పెట్టి, ఆ ఉదయం గాలి దిక్కు, వేగం, పీడనం నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా అన్నది ఒడియాలో, తెలుగులో రాయించండి.

వచ్చే అక్టోబరులోపు చేయగలిగింది ఒకటుంది. ఏ కేంద్రంలోనైనా పాత చెక్క పెట్టె ఇంకా నిలబడి ఉంటే దాన్ని తీయవద్దని ఒక్క వాక్యం ఉత్తర్వు పంపండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
గంజాం తీరంలో వాతావరణ పరిశీలన పనిలో ఉన్నవాళ్లు, ఉండి రిటైరైనవాళ్లు
బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్