నీ సారె సీతమ్మకి చేరింది

అమ్మా,

ఫోన్లో చెబుదామంటే నువ్వు సగంలో కుక్కర్ దింపాలంటూ లేచిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నా. మొత్తానికి కొండల మీదున్న నువర ఎలియ ఊరికి వెళ్లొచ్చాం. నిన్న పోయా, అంటే పౌర్ణమి, శ్రీలంకలో ప్రతి పౌర్ణమికీ సెలవే కదా, తెల్లవారుజామున మూడింటికి వ్యాన్ మాట్లాడుకుని కొలంబోలో బయల్దేరాం. గంపొళ దాటాక ఇక అన్నీ మలుపులే. చిన్నాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, రెండోది ఆయన చొక్కా మీద.

దారిలో రంబొడ దగ్గర హనుమంతుడి గుడి ఉంది, చిన్మయ మిషన్ వాళ్లు కట్టించారు. నల్లరాతి ఆంజనేయుడు నిలువెత్తున నిలబడి ఉంటాడు, బయటికొస్తే కింద కొత్మలె జలాశయం. సీతమ్మని వెతుక్కుంటూ ఈ కొండల్లోనే తిరిగాడని చెప్పుకుంటారు. చిన్నాడి కడుపు అక్కడే కుదుటపడింది, అది స్వామి మహిమో, కొబ్బరి ముక్క మహిమో తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి. ఊరు దాటి ఐదు కిలోమీటర్లు బదుల్ల వైపు వెళితే సీత ఎలియలో సీతమ్మ గుడి. నువ్వు ఊహించుకున్నంత పెద్దది కాదు. రోడ్డు పక్కనే కిందికి రంగురంగుల గోపురం, వెనక దట్టమైన అడవి, మధ్యలో గలగలమంటూ సెలయేరు. అమ్మవారు ఈ నీళ్లలోనే స్నానం చేసేదట. అవతల బండ మీద గుంటలున్నాయి, హనుమంతుడి పాదాలంటారు, వాటికి పసుపు పూసి ఉంది. చిన్నాడు నీళ్లలో కాలు పెట్టి కెవ్వుమన్నాడు, అంత చల్లన.

నువ్వు పంపిన సారె బ్యాగులోంచి తీశాను. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ, డజను గాజులు. తిట్టకు, గాజుల్లో రెండు విరిగిపోయాయి. ఆ మలుపుల్లో సామానంతా దొర్లుతుంటే నాకు గాజుల మాటే గుర్తు లేదు. అమ్మవారి దగ్గరికి విరిగిన గాజులు తెచ్చానేమిటని ఒకటే టెన్షన్. పక్కన తేయాకు తోటలో పనిచేసే ఒకావిడ కూర్చుని ఉంది, తమిళంలో ఏదో అంది, నాకు 'వళైయల్', అంటే గాజులు, ఒక్కటే అర్థమైంది. ఆవిడే నా చేతిలోంచి పొట్లం తీసుకుని, విరిగిన ముక్కలు ఏరి చెట్టు మొదట్లో పెట్టి, మిగతా పదీ తన కొంగుతో తుడిచి పళ్లెంలో చుట్టూ పేర్చింది. వేళ్ల కొసలన్నీ నల్లగా, ఆకు తుంచీ తుంచీ అలా అయిపోతాయేమో. వీళ్ల ముత్తాతల్ని తెల్లదొరలు తమిళనాడు నుంచి ఈ తోటలకి తెచ్చారు కదా, ముందు కాఫీకి, అది తెగులొచ్చి పోయాక తేయాకుకి.

పూజారిగారికి కూడా తెలుగు రాదు. "మా అమ్మ పంపింది" అని తెలుగులోనే అనేశాను. ఆయన తల ఊపి గుడ్డ అమ్మవారి పాదాల దగ్గర పెట్టారు. 2024 మేలో కుంభాభిషేకానికి అయోధ్య నుంచి సరయూ నీళ్లు తెచ్చారట. అత్తింటివాళ్లు నీళ్లు పంపారు, పుట్టింటి తరఫున నీ జాకెట్టు గుడ్డ వెళ్లిందిలే అని మా ఆయన నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. దూరం ఊళ్లో ఆడపిల్లకి ఇంటి నుంచి ఏదన్నా వస్తే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, నీ గోంగూర పచ్చడి సీసా వచ్చిన రోజు నేనూ అంతే కదా.

తర్వాత హగ్గల తోట చూశాం. మలేరియా మందు కోసం సింకోనా చెట్లు పెంచుదామని 1861లో మొదలెట్టారు, ఇప్పుడు గులాబీలు. మనకి విదేశీయుల టికెట్టే, ఆయన గొణుక్కుంటూనే ఉన్నారు. గ్రెగరీ సరస్సులో పడవెక్కుదామనుకుంటే వాన. ఊరు పద్దెనిమిది వందల మీటర్ల పైన కదా, స్వెట్టర్ వేసుకున్నా పళ్లు టకటకలాడాయి, నువ్వొస్తే శాలువా తప్పకుండా తెచ్చుకో.

అక్కడ ఎర్ర ఇటుకల పోస్టాఫీసు ఒకటి ఉంది, 1894 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. దాని ముద్ర పడాలని నీకోసం సీతమ్మ గుడి బొమ్మున్న కార్డు కొని, చిన్నాడి చేత కూడా వంకర టింకరగా పేరు రాయించి తీసుకెళితే తలుపులు మూసున్నాయి. పోయా సెలవు వాళ్లకీ ఉంటుందని మాకు తట్టలేదు! ఆ కార్డు మడతలోనే కుంకుమ పొట్లం పెట్టి ఉంచాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తా.

నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ పెద్దమ్మాయి