చెక్క రైలుబండ్ల పనిలో చేయి కలిపిన అందరికీ కృతజ్ఞతలు

అంగన్‌వాడీ పిల్లల కోసం యుద్ధకాలపు నమూనాలో చేసిన చెక్క రైలుబండ్లు వాళ్ల చేతికి చేరాయి. చెక్క ఇచ్చినవారికి, కోసినవారికి, తొలిచినవారికి, రుద్దినవారికి మా బృందం తరఫున నమస్కారాలు. ఎవరి సాయం ఏ లోపాన్ని ఆపిందో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాం.

రెండో ప్రపంచ యుద్ధంలో లోహం, రబ్బరు ఆయుధాలకు మళ్లడంతో బ్రిటన్‌లో బొమ్మలకు కరువొచ్చింది. అక్కడి అగ్నిమాపక సిబ్బంది తీరిక వేళల్లో పాత చెక్కతో నర్సరీ పిల్లలకు బొమ్మలు చేసిచ్చారు. దొరికిన చెక్కతో, మామూలు రంపం, బరమాలతో అయిపోయే బొమ్మలవి; అందుకే ఆ నమూనా తీసుకున్నాం. రంగులు మాత్రం అప్పటివి వద్దనుకున్నాం, వాటిలో చాలావరకు సీసం ఉండేది.

ఆటోనగర్ అన్నలూ, ప్యాలెట్లు (సరుకు కింద పెట్టే చెక్క చట్రాలు) ఊరికే ఇవ్వడమే కాదు, ముద్ర చూసి మరీ ఏరి ఇచ్చారు. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడిచేసి పురుగు చంపిన చెక్క. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, పిల్లల బొమ్మకు పనికిరాదు. ముద్ర లేనిదీ, నూనె మరకలున్నదీ మీరే పక్కన పడేశారు.

ఏటికొప్పాక మేస్త్రి గారికి ప్రత్యేకంగా చేతులు జోడిస్తున్నాం. పచ్చి కొమ్మను అడ్డంగా కోసిన బిళ్ల ఎండేకొద్దీ అంచు నుంచి నడిమికి చీలుతుంది. ఆయన బాగా ఎండిన అంకుడు కర్రనే తరిణ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి 40 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందంతో చక్రాలు తీశారు. తిరిగే చక్రానికి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే మెరుపొస్తుంది. ఇరుసు దూరే రంధ్రంలోకి మాత్రం లక్క పోనివ్వలేదు, అక్కడ జిగురు పట్టదు కనుక.

180 మి.మీ. పొడవు, 60 వెడల్పు, 20 మందం ఉన్న అడుగు పలకకు ఐటీఐ కుర్రాళ్లు రంధ్రాలు వేశారు. ఇరుసు 8 మి.మీ., రంధ్రం 9. అర మిల్లీమీటరు సందైతే ఎండాకాలంలో చాలు, కానీ విశాఖ వానాకాలపు తేమకు చెక్క ఉబ్బి ఇరుసు బిగుసుకుపోతుంది. రెండు వైపుల నుంచీ తొలిస్తే రంధ్రాలు కలవవు. అందుకే నిట్టనిలువు రంధ్రమున్న దిమ్మను ఆనించి, ఒక వైపు నుంచే దించారు.

అక్కలందరూ 80, 120, 220 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్దారు. తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును మళ్లీ 220తో తీశారు. ఆ రెండో రుద్దుడు లేకపోతే పిల్లవాడు నోట్లో పెట్టుకోగానే నూగు లేచి గుచ్చుకుంటుంది. పలకకు పట్టించింది పచ్చి అవిసె నూనె. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పెడితే వాటంతటవే అంటుకోవచ్చు, అందుకే విడివిడిగా పరిచి ఆరబెట్టారు.

టీచరమ్మలకు ఒక మనవి. శానిటైజర్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది, తడిగుడ్డ చాలు. లాగే తాడు మెడకు చుట్టుకోకుండా 20 సెం.మీ. పెట్టాం, పొడిగించకండి. చక్రం వదులైతే ఆ బండిని వెంటనే పక్కన పెట్టి కబురు చేయండి. పాత జిగురు పూర్తిగా గీకితేనే కొత్తది పడుతుంది, ఆ పని మేమే వచ్చి చేస్తాం.