పర్లాకిమిడిలో చదివే పిల్లలకు పర్లాకిమిడిని చూపించండి

సంపాదకులకు నమస్కారాలు.

కాలేజీలకు రెండు మూడు రోజులు వరుసగా సెలవులు వస్తున్నాయంటే చాలు, మా మేడమీద గదుల్లో అద్దెకుండే విద్యార్థులు విశాఖ ప్రయాణం గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. “ఈ ఊళ్లో చూడటానికి ఏముంది టీచరుగారూ?” అని వాళ్లలో ఎవరో ఒకరు ఏటా అడుగుతూనే ఉంటారు. ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమైన పర్లాకిమిడిలో చాలాకాలం బడిపంతులమ్మగా పనిచేసి విరమించిన నాకు ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పిల్లలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఊరిని వాళ్లకు చూపించవలసిన పెద్దలం, అంటే ఇక్కడి తెలుగు కుటుంబాలు, కళాశాలలు, మీ పత్రికతో సహా మేము రోజూ చదివే తెలుగు పత్రికలు, ఆ పని చేయడం లేదని నా ఫిర్యాదు.

1896 నుంచి కళాశాల ఉన్న ఊరు మాది. ఆ తరువాత సాంకేతిక విద్య వచ్చింది, విశ్వవిద్యాలయం వచ్చింది, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచీ, గుణుపురం, రాయగడ వైపు నుంచీ, ఇంకా దూరప్రాంతాల నుంచీ పిల్లలు వచ్చి చదువుకుంటున్నారు. సాయంత్రమైతే మురీ మిక్చర్ బండి దగ్గరా, గుప్‌చుప్ బండి దగ్గరా నిలబడి తెలుగు, ఒడియా, హిందీ కలగలిపి మాట్లాడుకుంటారు. ఒక భాషలో మొదలైన వాక్యం మరో భాషలో పూర్తవుతుంది, అయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. అయితే వాళ్ల తిరుగుడంతా గది, తరగతి, ఆ బండ్లు, బస్టాండు, ఈ నాలుగింటి మధ్యనే సాగిపోతుంది. మహేంద్రగిరుల్లో పుట్టి, మా ఊరిని ఒరుసుకుంటూ పారి, వంశధారలో కలిసే మహేంద్రతనయ పేరు కూడా తెలియకుండా పట్టా పుచ్చుకొని వెళ్లిపోయినవారు నాకు తెలుసు.

ముఖ్యంగా తెలుగు పిల్లల విషయంలో ఇది నన్ను బాధిస్తుంది. ఆగస్టు 29న వాళ్లు తాము చదివిన బడులన్నింటిలో తెలుగు భాషా దినోత్సవం చేసుకునే ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారి మీద వ్యాసం రాసి బహుమతి అందుకున్న అమ్మాయి ఒకతె మా ఇంట్లోనే రెండేళ్లు ఉంది. ఆయన 1880లో ఉపాధ్యాయుడిగా ఉద్యోగంలో చేరింది ఈ ఊరి రాజావారి బడిలోనేననీ, తన జీవితంలో అధికభాగం గడిపింది ఇక్కడేననీ, కొండలమీది సవరల భాష నేర్చుకొని దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చింది ఈ ఊళ్లో కూర్చునేననీ చెబితే ఆ అమ్మాయి నమ్మలేకపోయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఎంత మనస్తాపంతో రాజమహేంద్రవరం వెళ్లిపోయారో చెప్పాను. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకొని కోట చుట్టూ, పాత వీధుల్లో నడిచి వచ్చింది. పుస్తకంలో పాఠంగా ఉన్న మనిషి ఏ దారిన నడిచి బడికి వెళ్లేవాడో ఊహించుకుంటూ తిరగడం ఆ వయసులో సామాన్యమైన అనుభవం కాదు. ఊరిలో ఒడియావారితో మాకు ఏ పేచీ లేదని, రథయాత్రకు తాళ్లు పట్టి లాగేది అందరమూ కలిసేనని, ఇక్కడ ఉండని పాఠకుల కోసం ఒక మాట చెప్పుకుంటున్నాను.

పంతులుగారి పేరు ఎత్తితే ముఖలింగం చెప్పకుండా ఉండలేను. ఆయన అక్కడి దేవాలయాల్లోని శాసనాలను చూసి, లిపిశాస్త్రం సొంతంగా చదువుకొని, వాటిని చదివి వ్యాసాలు రాశారు. మాకు పాతపట్నం మీదుగా ఒక పూట ప్రయాణమంత దూరంలో, వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఊరది. తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు గుర్తించారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర అని మూడు ఆలయాలు ఉన్నాయి. మొన్న శీతకాలంలో మా గదుల్లోని పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లాను. వాళ్లలో ఇంజనీరింగు చదివే కుర్రాడు ఒకడు, గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకొని వచ్చేద్దామన్నవాడు, మధుకేశ్వరాలయంలో ఒక రాతి ముందు ఆగిపోయాడు. వేలు రాతికి తాకకుండా గాలిలో అక్షరాల వెంట జరుపుతూ, నాలుగైదు అక్షరాలను మన తెలుగు అక్షరాలతో పోల్చి గుర్తుపట్టాడు. తక్కినవాళ్లూ వచ్చి చుట్టూ చేరారు. ఇది ‘ర’ అని ఒకరు, కాదు ‘న’ అని ఒకరు వాదించుకుంటూ చాలాసేపు అక్కడే ఉన్నారు. ఇప్పుడు వాడుకలో ఉన్న అక్షరం ఎన్ని వందల ఏళ్లలో ఈ గుండ్రతనం తెచ్చుకుందో ఆ రాతిముందు వాళ్లకు తెలిసినట్టుగా ఏ తరగతిలోనూ తెలియదు. సోమేశ్వరాలయానికి ముందు మండపం ఉండదు, గోడలమీది శిల్పాలను ఎండవెలుగులో తిరిగి తిరిగి చూసుకోవచ్చు. తెచ్చుకున్న పులిహోర తిని, ఏటి ఒడ్డున కాసేపు కూర్చొని, సాయంత్రానికి ఊరు చేరాం. బస్సు చార్జీలూ, టీ ఖర్చూ తప్ప మరేమీ కాలేదు.

ఇటువంటి ప్రయాణాలకు మాకున్న మరొక సౌకర్యం రైలు. పర్లాకిమిడి రాజావారు తమ ఖర్చుతో వేయించిన నేరోగేజి లైను నౌపడ నుంచి మా ఊరికి 1900 ఏప్రిల్ 1న మొదలై, 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయి, కొన్నేళ్ల పనుల తరువాత అదే దారిలో బ్రాడ్‌గేజి బండి వచ్చింది. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటి మా ఊరు చేరి, ఆపైన కాశీనగరం మీదుగా గుణుపురం పోయే ఆ లైనులో కిటికీ పక్కన కూర్చుంటే, వరిచేలూ కొండలూ చూస్తుండగానే రాష్ట్రం మారిపోతుంది, పక్కన కూర్చున్నవారి మాట మాత్రం మారదు. చిన్న బండి కాలంలో ప్రయాణించిన ముసలివారు ఇంకా మా వీధుల్లో ఉన్నారు. వాళ్లను కదిలిస్తే గంటలకొద్దీ చెబుతారు. చరిత్ర చదివే పిల్లలు ఒకరిద్దరు కాగితం, కలం పట్టుకొని వాళ్ల దగ్గర కూర్చుంటే ఎంత బాగుండునో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ ముసలివారు ఇంకెంతకాలమో ఉండరు కదా.

శీతకాలంలో ఇదే బండిలో టెక్కలి వైపు వెళ్లి తేలినీలాపురం చూడవచ్చు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ పల్లెలోని చింతచెట్లమీద గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుకుంటాయి. మహేంద్రగిరి ఎక్కడం కష్టమైన పనే, 1,501 మీటర్ల కొండ అది, అయినా వయసులో ఉన్నవారు శిఖరంమీది పాతకాలపు రాతి గుళ్లను ఒకసారైనా చూడవలసిందే. గండాహతి జలపాతం వానలు వెలిసిన కొత్తలో ఎంతో అందంగా ఉంటుంది, వానల్లో మాత్రం బండలమీద కాలు పెట్టకూడదు. మా జిల్లాలోని చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం ఉంది. 1960ల నుంచి అక్కడ స్థిరపడిన టిబెట్టువారు మొక్కజొన్న పండించుకుంటూ, చలికాలంలో ఊళ్లు తిరిగి స్వెట్టర్లు అమ్ముకుంటూ బతుకుతున్నారు.

ఊరు దాటకుండా చూడదగినదాన్ని నేను అన్నింటికంటే ముందు చెప్పవలసింది. మా ఊరి కొమ్ముపని పేరుపొందినది. పశువుల కొమ్మును కాకచూపి, మెత్తబడ్డాక వంచి, కోసి, అరగదీసి, మెరుగుపెట్టి దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవతామూర్తులు చేస్తారు. పనివారి ఇంటి అరుగుమీద కూర్చొని చూశాను. కొమ్ములోంచి సన్నగా చీల్చి తీసిన రొయ్య మీసం నిప్పు సెగ తగిలి మెత్తబడగానే, చల్లారేలోపు రెండు వేళ్లతో ఒక్క ఊపున వంపు తీసుకురావాలి, ఆలస్యమైతే విరిగిపోతుంది. ఆ పనిచేసే పెద్దాయన మాతో మాట్లాడుతున్నంతసేపూ చేతులవైపు చూడనేలేదు. డిజైను చదివే పిల్లలు, మెకానికల్ చదివే పిల్లలు అక్కడ ఒక పూట కూర్చుంటే పదార్థం గురించి తెలుసుకోవలసింది ఎంతో ఉంది. కొనేవారు తగ్గి, ఈ పనిలోకి వచ్చే పిల్లలు తగ్గిన ఈ రోజుల్లో, ఊళ్లో చదివే పిల్లల్లో కొందరైనా తల్లికి ఒక దువ్వెన కొని పట్టుకెళితే ఆ ఇళ్లకు అదే పదివేలు.

ఇన్ని ఉండగా పిల్లలు ఎందుకు కదలరంటే, ఒక కారణం భయం. అది తీసిపారేయదగిన భయం కాదు. కుర్రవాళ్లు స్నేహితుల మోటారుసైకిళ్లు అడిగి తీసుకొని, ముగ్గురేసి ఎక్కి, చీకటిపడ్డాక ఘాట్ రోడ్డులో దిగి వస్తున్నారు. తల్లిదండ్రులు, కళాశాలవారు దీనికి జంకడం సహజమే. కానీ ఆ భయం ఫలితం అనుభవించేది ఆడపిల్లలు. కుర్రవాళ్లు చెప్పకుండానైనా తిరిగి వస్తారు, ఆడపిల్లలకు ఆదివారం కూడా హాస్టలు గేటే హద్దు. నేను ఎరిగిన ఒక కళాశాలలో ఏడాదికి ఒకసారి బస్సు కుదిర్చి విశాఖ తీసుకెళ్లి, బీచి చూపించి తీసుకురావడంతో విహారయాత్ర అయిపోయిందంటారు. ఆ బస్సుకయ్యే డబ్బుతో పది మంది పంతుళ్లు పిల్లలను విడివిడిగా ముఖలింగమో, తేలినీలాపురమో పగటిపూట తీసుకెళ్లి దిగబెట్టవచ్చు. తోడుగా ఒక పంతులమ్మ ఉంటే ఏ తల్లీ అభ్యంతరం చెప్పదు. నేను తీసుకెళ్లిన అమ్మాయిల తల్లులు ఫోను చేసి, మళ్లీ ఎప్పుడు తీసుకెళతారని అడిగారు గాని ఎందుకు తీసుకెళ్లారని ఒక్కరూ అడగలేదు.

రెండో కారణం, తెలియకపోవడం. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో, చివరి బస్సు ఎప్పుడో, ఎక్కడ మారాలో కండక్టర్లకూ టీకొట్లవారికీ తెలుసు, కొత్తగా వచ్చిన పిల్లలకు తెలియదు. ఒడియా చదవడం రాని తెలుగు పిల్లలకు బస్సుమీది బోర్డు కూడా అక్కరకు రాదు. ఇక్కడ మీ పత్రికతో నాకు పని పడింది. మీ ఆదివారం సంచికలో అరకు గురించి, పాపికొండల గురించి వచ్చే వ్యాసాలు మేమూ ఇష్టంగా చదువుతాం. కానీ పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం ఊళ్లలో కూడా మీ చందాదారులు ఉన్నారు, వాళ్ల ఇళ్లలో చదువుకునే పిల్లలు ఉన్నారు. సరిహద్దు జిల్లాల పేజీలో నెలకొకసారి అరపేజీ ఇలాంటి ఒక ప్రదేశానికి కేటాయించమని కోరుతున్నాను. వర్ణన కొద్దిగా ఉన్నా సరే, వెళ్లే దారి, బస్సు, పాసింజరు వేళలు, భోజనం దొరికే చోటు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి సౌకర్యం ఉందో లేదో, ఏ నెలలో వెళ్లకూడదో తప్పక ఉండాలి. వేళలు మారుతుంటాయి కనుక స్థానిక విలేకరులు సరిచూసి వేయాలి.

కళాశాలల పెద్దలకు కూడా మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. మొదటి సంవత్సరం పిల్లలు చేరిన నెలలోనే ఒక ఆదివారం వాళ్లను నడిపించి కోట, మహేంద్రతనయ ఒడ్డు, కొమ్ముపనివారి వీధి చూపించండి. మా వంటి విరమించిన ఉపాధ్యాయులు ఊళ్లో చాలామంది ఉన్నారు, పిలిస్తే వెంట వస్తాం.

మీ అరపేజీకి మొదట ముఖలింగాన్ని తీసుకుంటామంటే, పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా వెళ్లి రావడానికి ఇప్పుడున్న బస్సుల వేళలు స్వయంగా కనుక్కొని, రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.